పాప ఏడిస్తే వెలగాల్సిన దీపం

మా అల్లుడి ఇంట్లో ఏం జరిగినా ఒక దీపం వెలుగుతుంది. గుమ్మం దగ్గర బెల్లు నొక్కితే ఆకుపచ్చది, మేడ మీద నీళ్ల ట్యాంకు నిండితే నీలంది, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే ఎర్రది. హాల్లో, వంటగదిలో, పడకగదిలో, ఆఖరికి స్నానాలగదిలో కూడా ఈ దీపాలే. అన్నిటినీ ఆడించేది అరచేతిలో పట్టే ఒక కంప్యూటర్ బోర్డు. దానికి తెర లేదు, మీటలు లేవు, ఒంటి మీద చొక్కా కూడా లేదు. అల్లుడు దాన్ని పాత బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూతకు కన్నాలు పొడిచి, హాల్లో అలమర మీద కూర్చోబెట్టాడు. కొత్తలో నాకు అది ఇల్లో, నాలుగు రోడ్ల కూడలో తెలిసేది కాదు.

అల్లుడికీ మా అమ్మాయికీ పుట్టుకతోనే వినపడదు. అతను ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాడు. అమ్మాయి ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఇంజినీరుకు ఇళ్ల ప్లాన్లు గీసిపెడుతుంది. నేనేమో బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరందరికీ చెప్పి రిటైరైనదాన్ని. గొంతే తిండి పెట్టిన మనిషికి వినపడని పిల్ల పుట్టింది. ఇందులో నీతి ఏమీ లేదు, అలా జరిగిందంతే. అల్లుడు సైగల్లో నాకు పెట్టిన పేరు కూడా మైకే. పిడికిలి నోటి దగ్గర పెట్టుకున్నాడంటే నా గురించి మాట్లాడుతున్నాడని అర్థం. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

అమ్మాయి చిన్నప్పుడు దాని చెవులు నేనే. రోడ్డు దాటేటప్పుడు, బడిలో, ఆస్పత్రిలో, ఎక్కడైనా సరే, ముందు నాకు వినపడేది, తర్వాత దానికి తెలిసేది. పెళ్లయి వెళ్లాక ఆ ఉద్యోగం నుంచి కూడా రిటైరయ్యాననుకున్నాను. పాప పుట్టడంతో మళ్లీ పెట్టె సర్దుకుని వచ్చేశాను.

పాపకు వినపడుతుంది. డాక్టరు పరీక్ష చేసి చెప్పింది. అందరూ సంతోషించారు, నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఏడిస్తే ఎవరూ ఎందుకు పలకడం లేదో ఆ పసిదానికి ఎలా తెలుస్తుంది? మొదటి నెలలన్నీ నేనే దాని పక్కన పడుకున్నాను. కుయ్‌మంటే చాలు, ఇంట్లో ఏ మూలనున్నా "వచ్చా తల్లీ, వచ్చా" అంటూ పరిగెత్తేదాన్ని. ఎన్నాళ్లని ఉండగలను? నా ఇల్లు తాళం వేసి ఉంది. అందుకే ఒకరోజు అమ్మాయి ఎదురుగా కూర్చుని అడిగేశాను.

"దీనికి నడక వచ్చేదాకా నాతో పంపు. మాటలు కూడా వినపడతాయి దానికి."

అమ్మాయి నా పెదాలు చదివింది. చేతులు ఒళ్లోంచి నెమ్మదిగా లేచాయి. "నేను దాని తల్లిని."

"తల్లివి కాదన్నానా? గుక్కపట్టి ఏడిస్తే నీకెలా తెలుస్తుంది?"

అల్లుడు మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడి సైగ చేశాడు. "కొంచెం టైమివ్వండి అత్తయ్యా. పాపకు కూడా ఒక దీపం పెడతాను."

ఆ దీపం పసుపుది. పాప ఏడిస్తే ఇంట్లో అన్ని గదుల్లోనూ వెలగాలి, అమ్మాయి దిండు కింద ఒక చిన్న ముక్క గుర్రుమని కదలాలి. దానికి ముందు ఏడుపంటే ఏమిటో బోర్డుకు నేర్పాలన్నాడు. పసిపిల్లకు మాటలు నేర్పినట్టే, మళ్లీ మళ్లీ వినిపించాలట. తొట్టి మంచానికి ఒక మైకు, ఒక మీట బిగించాడు. వినపడేది నాకొక్కదానికే గనక ఆ మీట ఉద్యోగం నాదే. పాప ఏడ్చినప్పుడల్లా వెళ్లి నొక్కాలి, నొక్కితే దానికి ముందూ వెనకా కాసేపటి చప్పుడు దాచుకుంటుంది. ఏడుపు కాని చప్పుళ్లు కూడా కావాలని, ఒక ఆదివారం నన్ను మా చెల్లెలింటికి పంపించి, ఫ్యాను, మిక్సీ, టీవీ, తలుపులు, వీధిలో హారన్లు, అన్నీ ఎక్కించాడు.

"మీరుంటే మీ గొంతు అన్నిటికీ అడ్డొస్తుంది" అని నవ్వుతూ పిడికిలి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

దీపం పనిచేసింది. నిజం చెప్పొద్దూ, ఎంత బాగా పనిచేసిందంటే నాకు దిగులు పట్టుకుంది. పాప కుయ్‌మనేది, నేను వచ్చా వచ్చా అంటూ లేచేదాన్ని, రెండడుగులు వేసేసరికి ఇల్లంతా పసుపు. ఒక్కసారి కూడా తప్పలేదు. అమ్మాయి ముఖం చూడాలి అప్పుడు. దీపం వెలిగిన ప్రతిసారీ నావైపు ఒక చూపు విసిరేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అది, నా పోలికే.

"ఇంకొన్నాళ్లు చూడు" అంది చేతులతో. "ఒక్కసారి తప్పినా పాపను నువ్వే తీసుకెళ్లు. నేను అడ్డు చెప్పను. తప్పకపోతే మళ్లీ ఈ మాట ఎత్తకూడదు."

సరేనన్నాను. ఆ రోజు నుంచి నా బతుకు ఆ దీపానికి కట్టేసినట్టయింది. వెలిగితే ఓడిపోయినట్టు దిగులు, వెలగకపోతే ఏమవుతుందోనని భయం. అన్నం తింటున్నా కళ్లు దీపం మీదే. పాప నిద్రపోతుంటే లేస్తుందేమోనని, లేస్తే వెలగదేమోనని. దీపం వైపు చూసి చూసి తలనొప్పి వచ్చేది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. పాప నిద్రపోతోంది. అమ్మాయి తలుపు వైపు వీపు పెట్టి కంప్యూటర్ మీద మెట్లో గదులో గీస్తోంది. బట్టలు తీసుకొద్దామని నేను మేడ ఎక్కాను. పైన పక్కింటావిడ కలిసింది. ఆవిడ కోడలి గురించి ఆవిడ చెప్పింది, నా కూతురి గురించి నేను చెప్పాను. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. చినుకులు మొదలయ్యాక బట్టలు భుజాన వేసుకుని దిగుతున్నాను. సగం మెట్లు దిగానో లేదో వినపడింది.

అది అప్పుడే మొదలైన ఏడుపు కాదు. గొంతు బొంగురుపోయి, మధ్య మధ్య ఎక్కిళ్లు పడుతున్న ఏడుపు. బట్టలు మెట్ల మీదే పడేశాను. తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి హాల్లో దీపం వెలగనే లేదు. వంటగదిలోదీ అంతే. అమ్మాయి వీపు అలాగే ఉంది, దాని కళ్లు గీతల మీదే ఉన్నాయి, గోడకు అవతల దాని బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"వచ్చా తల్లీ, వచ్చా" అని అరుస్తూ పరిగెత్తాను. అప్పుడు వెలిగింది దీపం.

పాప బోర్లా పడింది. ఒక చెయ్యి తొట్టి కమ్మీల మధ్య మోచేతి దాకా ఇరుక్కుపోయింది, ముఖం పరుపులో సగం దిగబడి ఉంది. చెయ్యి మెల్లగా తిప్పి బయటికి తీసి ఎత్తుకున్నాను. ఒళ్లంతా చెమట. నా మెడలో తల దూర్చి వణుకుతోంది. అమ్మాయి పసుపు వెలుతురు చూసి అలవాటుగా నవ్వుతూ గదిలోకి వచ్చింది. పాప ముఖం చూసింది, ఎర్రగా కమిలిన చెయ్యి చూసింది. నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది, దాన్ని ఎలా తీసేయాలో దానికి తెలియనట్టు.

"ఎంతసేపు?" అని అడిగింది చేతులతో.

"చాలాసేపు."

నా లోపల ఏముందో దాచను. భయం ఉంది, కోపం ఉంది, వాటి అడుగున ఎక్కడో, నేను చెప్పలేదా అన్న చిన్న సంతోషం కూడా ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా అది పోలేదు.

అమ్మాయి మాట మీద నిలబడే మనిషి. నేను ఏమీ అనకముందే అలమరలోంచి సంచీ తీసి పాప బట్టలు ఒక్కొక్కటే మడిచి పెట్టడం మొదలుపెట్టింది. ఏడవలేదు. మడిచిన గౌనునే విప్పి మళ్లీ మడుస్తోంది. సాయంత్రం అల్లుడు వచ్చి ఆ సంచీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇద్దరూ చేతులతో చాలాసేపు మాట్లాడుకున్నారు. చేతులు అంత వేగంగా కదిలితే నాకు సగమే అర్థమవుతుంది. ఆ సగం చాలు.

అతను డబ్బా దించి మూత తీశాడు. తీగలన్నీ కదిపి చూశాడు. తొట్టి దగ్గరి మైకు మార్చాడు. ఈలోగా పాప ఆకలికి ఏడ్చింది, నేను వచ్చా వచ్చా అన్నాను, దీపం ఠక్కున వెలిగింది. అతను తల పట్టుకున్నాడు. వైద్యుడి ముందు కూర్చోగానే నొప్పి మాయమైనట్టుంది ఆ డబ్బా వ్యవహారం.

పాప పాలు తాగి నిద్రపోయాక నేను వంటగదిలోకి వెళ్లి చెల్లెలికి ఫోన్ చేశాను. మా ఇంటి తాళాలు దాని దగ్గరే ఉన్నాయి.

"రేపు పాపను తీసుకొస్తున్నానే. ముందు గది ఊడిపించి, కిటికీకి దోమతెర కొట్టించు. ఆ, అవును, నాతోనే. ఇంకెవరితో?"

మాట పూర్తికాకముందే వంటగది పసుపుగా మారింది. హాలు కూడా. అమ్మాయి చేతిలో గిన్నె వదిలేసి పరిగెత్తింది, దాని వెనకే అల్లుడు, వాళ్ల వెనక నేను. తొట్టిలో పాప నోరు కొంచెం తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది.

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. అల్లుడు నా చేతిలో ఫోన్ వైపు చూశాడు. తర్వాత నా నోటి వైపు చూశాడు.

హాల్లోకి తీసుకెళ్లి కంప్యూటర్ తెరిచాడు. తెర మీద రికార్డింగులన్నీ గీతలుగా కనిపిస్తున్నాయి, ఒక్కొక్కటి ముళ్లకంపలా. ఒక గీత చూపించాడు, దాని కింద ఇంకోటి, ఇంకోటి. "ప్రతిదాంట్లో ఏడుపు ఒకటి. దాని పక్కన ఇంకేదో ఉంది చూడండి. ఫ్యానేమో అనుకున్నాను, వదిలేశాను. మా ఇద్దరికీ వినపడదు. మీరు విని చెప్పండి అత్తయ్యా." హెడ్‌ఫోన్లు నా చెవులకు తనే పెట్టాడు.

మొదటి దాంట్లో పాప ఏడుపు. దాని మీద నా గొంతు, వచ్చా తల్లీ, వచ్చా. రెండోదాంట్లోనూ అంతే. మూడోదాంట్లో పాప ఇంకా సరిగ్గా ఏడవను కూడా లేదు, నేను మొదలుపెట్టేశాను. బస్‌స్టేషన్‌లో ఇన్నేళ్లు పనిచేసినా నా గొంతు నేనెప్పుడూ ఇలా కూర్చుని వినలేదు. ఇంత పెద్దదని తెలియదు. వరసగా వింటూ పోయాను. ఆ బోర్డు నేర్చుకున్నది పాప ఏడుపును కాదు, నన్ను. నేను నోరు విప్పితే పాప ఏడ్చినట్టు లెక్క. నేను మేడ మీద ఉంటే పాప ఏడవనట్టే లెక్క. వాళ్లిద్దరితో పెదాలు కదిపితే చాలు, పాపతో తప్ప ఆ ఇంట్లో నేను గొంతు ఎత్తేదాన్ని కాదు గనక ఇన్నాళ్లూ ఇది బయటపడలేదు.

అల్లుడు నా ముఖంలోకే చూస్తున్నాడు. అమ్మాయి సంచీ పక్కన నేల మీద కూర్చుంది. ఫ్యానే, ఇంకేం లేదు అంటే సరిపోతుంది. ఆ ఇంట్లో నా మాట అబద్ధమనగలిగే చెవులు లేవు. పొద్దున్నే పాప నా ఒళ్లో, బస్సులో, కిటికీ పక్కన. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నేను పెదవి దాటనివ్వకపోతే చాలు.

ఆలోచించుకోవడానికి టైము కోసం ఇంకో రికార్డింగు పెట్టమన్నాను. మళ్లీ ఏడుపు, మళ్లీ నేను. ఈసారి నా గొంతును పక్కకు నెట్టి, మిగిలింది ఏముందోనని విన్నాను. చివర్లో ఒక చప్పుడు ఉంది. టపటపమని చెప్పుల చప్పుడు, దగ్గరికొస్తూ. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అవే చెప్పులు, ఈసారి నెమ్మదిగా, వెనక్కి వెళ్లిపోయాయి.

ముందరి వాటికి వెళ్లమన్నాను. వాటిలోనూ ఉంది. నేను లేవడం చూసి అమ్మాయి కూడా లేచి పరిగెత్తుకొచ్చేది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాప నా చేతుల్లో ఉండేది. ప్రతిసారీ వచ్చింది, ప్రతిసారీ గుమ్మంలోంచే వెనక్కి వెళ్లింది. నేను వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. దాని చెప్పులు చప్పుడు చేస్తాయని దానికే తెలియదు.

హెడ్‌ఫోన్లు తీసేశాను. కళ్లు తుడుచుకుని, పిడికిలి నోటి దగ్గర పెట్టుకున్నాను. నా సైగ పేరు నేను వాడుకోవడం అదే మొదటిసారి.

"మైకు" అన్నాను. "అన్నిటిలోనూ మైకే ఉంది నాయనా. నీ డబ్బా నన్ను నేర్చుకుంది."

అల్లుడికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత రెండు చేతులతో నుదురు కొట్టుకుని, నవ్వాడో ఏడ్చాడో తెలియకుండా అమ్మాయికి చెప్పాడు. అమ్మాయి నావైపు చూసింది. నేను లేచి సంచీలోంచి గౌన్లు తీసి అలమరలో పెట్టడం మొదలుపెట్టాను. అది కూడా వచ్చి సాయం పట్టింది.

మళ్లీ మొదటి నుంచి నేర్పాలన్నాడు. ఈసారి షరతు ఒకటే, నేను మాట్లాడకూడదు. పాప ఏడిస్తే వెళ్లి మీట నొక్కి నిలబడాలి. నోరు విప్పకూడదు, ఎత్తుకోకూడదు. నేను చెయ్యి ఊపితే అమ్మాయి వస్తుంది. చెప్పడానికి ఎంత తేలికో. మొదటిసారి పాప నన్ను చూసి చేతులు చాచింది, నేను మాట్లాడకపోయేసరికి ఎవరో కొత్త మనిషిని చూసినట్టు ఇంకా గట్టిగా ఏడ్చింది. పెదాలు పళ్లతో కొరికి పట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి వచ్చి ఎత్తుకునేదాకా ఉన్న ఆ కాసేపు, నా జన్మలో అంత పొడుగు కాసేపు ఇంకోటి లేదు. మేకు కొట్టినట్టు నిలబడినా గొంతులోంచి ఒక్కోసారి ఊ అని వచ్చేసేది. అల్లుడు గీతల్లో అది పట్టేసి, వేలు ఊపి, ఆ రికార్డింగు చెరిపేసేవాడు. నాకు ఏమీ తోచక ఒక కర్చీఫ్ నోట్లో కుక్కుకున్నాను. ఊరికంతా బస్సుల రాకపోకలు చెప్పిన గొంతు ఇది.

ఏడుపు కాని చప్పుళ్ల జాబితాలో ఈసారి నన్ను కూడా చేర్చాడు. ఫ్యాను, మిక్సీ, హారన్లు, అత్తగారు. హాల్లో కూర్చోబెట్టి, ఏదైనా మాట్లాడండి అన్నాడు. చెల్లెలితో ఫోన్లో మాట్లాడాను, పక్కింటావిడతో మాట్లాడాను, ఎవరూ దొరక్కపోతే ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నదని గోడకు చెప్పాను.

కొన్నాళ్లకు అంతా అయిందన్నాడు. పాప నిద్రపోతుండగా నన్ను తొట్టి పక్కన నిలబెట్టి పిలవమన్నాడు.

"వచ్చా తల్లీ, వచ్చా" అన్నాను మెల్లగా. దీపం వెలగలేదు. "వచ్చా బంగారూ, అమ్మమ్మ వచ్చేసిందిగా" అని గొంతు పెంచాను. ఏమీ లేదు. నాకు తెలిసిన ముద్దుమాటలన్నీ అన్నాను. ఇల్లు చీకటిగా, మామూలుగా ఉంది. అల్లుడు బొటనవేలు ఎత్తాడు. నేను నవ్వాను, కానీ బాధేసింది, ఎందుకు లేదనాలి. అమ్మాయి నా ముఖం చూసింది. దానికి ముఖాలు చదవడం వచ్చు. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

మిగిలింది ఒక్కటే, నేను లేని ఇంట్లో పాప ఏడవడం. మర్నాడు నేను చెప్పులేసుకుని కిందికి దిగి, వీధి దాటి, ఎదురుగా ఉన్న మందుల షాపు మెట్ల దగ్గర నిలబడ్డాను. మా కిటికీ తెరిచే ఉంది. అమ్మాయి పనిలో ఉంటుంది, వీపు తలుపు వైపు ఉంటుంది, చెయ్యి ఊపడానికి ఎవరూ లేరు. నిలబడ్డానే గానీ నిలకడ లేదు. పాప లేస్తుంది, బోర్లా పడుతుంది, చెయ్యి కమ్మీల మధ్యకు పోతుంది. అల్లుడు కమ్మీలకు గుడ్డ చుట్టాడని తెలుసు, అయినా పోతుంది. షాపతను ఏం కావాలమ్మా అని అడిగాడు. ఏమీ వద్దన్నాను. మళ్లీ అడిగితే తలనొప్పి మాత్ర కొన్నాను.

అప్పుడు వినపడింది. వీధి చప్పుళ్లన్నిటి మధ్య సన్నగా, మొదలవుతున్న ఏడుపు. నా గొంతులోకి మాట వచ్చేసింది, కాలు మెట్టు దిగేసింది. అడ్డంగా ఒక లారీ వచ్చి ఆగింది. అది కదలదు. ఏడుపు గట్టిపడుతోంది. కిటికీ మామూలుగానే ఉందో, వెలిగిందో కనపడదు. లారీ వెనక నుంచి పరిగెత్తి అవతలికి వచ్చాను.

కిటికీ పసుపుగా ఉంది. తెర మీద ఒక నీడ వంగింది, లేచింది. లేచినప్పుడు దాని భుజం మీద ఒక చిన్న తల ఉంది. ఏడుపు ఎక్కిళ్లలోకి దిగి, మెల్లగా ఆగిపోయింది. దీపం ఆరిపోయింది.

రోడ్డు మధ్యలో నిలబడ్డానని ఎదురుగా వచ్చిన ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. నేను పక్కకు తప్పుకుని, ఆ కిటికీ వైపు చూస్తూ, ఎవరికీ వినపడనంత మెల్లగా, "వచ్చింది తల్లీ, మీ అమ్మ వచ్చింది" అన్నాను.